నాలుక నాది, ముక్కు మాధవిది

కోవిడ్ ఆంక్షలు సడలి మలేసియా సరిహద్దులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, ఏప్రిల్ నెలలో, నన్ను పోర్ట్ క్లాంగ్‌లోని మా తేయాకు కంపెనీ రుచి పరీక్ష గది నుంచి కొత్త సరుకుల విభాగానికి బదిలీ చేశారు. అప్పటికి నా హోదా చీఫ్ టీ టేస్టర్. పాత గదిలో నా కింద ఇద్దరు టేస్టర్లు ఉండేవారు. కొత్త విభాగంలో నా కింద ఎవరూ లేరు. పైన మేనేజింగ్ డైరెక్టర్ లిమ్ గారు ఒక్కరే. విభాగమంటే ఒక బల్ల, ఒక ఫ్రిజ్, జపాన్ నుంచి రాబోయే గ్రీన్ టీ నమూనాలు.

బదిలీ ఎందుకయిందో తెలియాలంటే మా పని గురించి కొంత చెప్పాలి. మలేసియాలో ఏ వీధికి వెళ్ళినా దొరికే తే తారిక్, అంటే నురగ వచ్చేలా ఎత్తి పోసే పాల టీ, సన్నటి డస్ట్ రకం నల్ల టీతో చేస్తారు. మా కంపెనీ వ్యాపారమంతా అదే. గిడ్డంగికి వచ్చిన ప్రతి సరుకునూ టేస్టర్ చూడాలి. తెల్ల పింగాణీ కప్పుల్లో కొలిచిన ఆకు వేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, గడియారం చూసుకుని ఐదారు నిమిషాలు ఆగుతాం. తర్వాత చెంచాతో తీసుకుని పెద్ద చప్పుడుతో పీల్చి, నోట్లో తిప్పి, ఉమ్మేస్తాం. ఆ చప్పుడు విని కొత్తవాళ్ళు నవ్వుతారు. కానీ అలా పీలిస్తేనే టీ తుంపరలై, దాని ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. నాలుక చెప్పేవి చేదు, తీపి, పులుపు, ఒగరు వంటి కొన్ని సంగతులే. మిగతాదంతా ముక్కు చెబుతుంది. ఏ తోట ఆకు, ఎంత పాతది, దారిలో ఏ సరుకు పక్కన పెట్టారు, ఇవన్నీ ముక్కు పని.

అంతకు ముందు ఏడాది నాకు కోవిడ్ సోకింది. జ్వరం వారంలో తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఆ సంగతి నాకు బంటింగ్‌లో మా ఇంట్లోనే తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి కూరగాయలు తరుగుతున్నాను. మా ఆయన సింహాద్రి, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, వీధి గుమ్మంలోంచి పరుగున వచ్చి పొయ్యి ఆర్పాడు. "ఏటే, పాలు మాడి బొగ్గైపోతే నీకు తెల్లేదా?" అన్నాడు. నేను గిన్నె వైపు చూశాను. పొగ కనిపిస్తోంది. వాసన లేదు. ఆ రోజు నుంచి వంట ఆయన చేతికి వెళ్ళింది. ఆయన వంట వాసన ఎలా ఉండేదో నాకు తెలియకపోవడం ఒక రకంగా అదృష్టమే.

టేస్టర్‌కు ముక్కు పనిచేయకపోతే అది సొంత ఆరోగ్య విషయం కాదు, కంపెనీ విషయం. ఆ సోమవారమే లిమ్ గారికి చెప్పి, పరీక్ష బల్ల మీద సంతకం పెట్టే బాధ్యత కింది టేస్టర్‌కు అప్పగించాను. డాక్టరు పరీక్షించి, రావచ్చు, రాకపోవచ్చు, ఎప్పుడని చెప్పలేను అన్నారు. రోజూ రెండు పూటలా లవంగం, నిమ్మతొక్క వంటి నాలుగు వాసనలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చమన్నారు. నెలల తరబడి పీల్చాను. లవంగం, కట్టెముక్క నాకు ఒకటిగానే ఉండేవి.

లిమ్ గారు నన్ను పంపించెయ్యలేదు. పిలిచి కొత్త విభాగం సంగతి చెప్పారు. నాకు వాసన తెలియదు కదా అని గుర్తు చేశాను. ఆయన నవ్వి, "మేడమ్ రత్నం, జపాన్ టీకి మన దగ్గర ఎవరికీ ముక్కు లేదు లా. మీరే చూడండి" అన్నారు. మాట చివర "లా" అనడం ఇక్కడి వాళ్ళందరికీ అలవాటు. షరతు కూడా అప్పుడే చెప్పారు. వచ్చే నమూనాల్లోంచి ఒక రకం ఎంపిక చేయాలి. దాన్ని కొద్దిగా తెప్పించి హోటళ్ళవాళ్ళకూ టీ దుకాణాలవాళ్ళకూ చూపించాలి. వాళ్ళు తీసుకుంటే విభాగం ఉంటుంది. లేకపోతే ఏడాది చివర మూసేస్తారు. మూసేస్తే నేను గడువుకు ముందే రిటైర్ కావాలి. పాత బల్లకు తిరిగి వెళ్ళే దారి నాకు లేదు.

వాసన చూడటానికి ఒక మనిషి కావాలని అడిగాను. నాణ్యత విభాగంలో కొత్తగా చేరిన మాధవిని ఇచ్చారు. కాకినాడలో ఆహార శాస్త్రం చదివిన అమ్మాయి. భర్తకు కౌలాలంపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం. అక్కడే బ్రిక్‌ఫీల్డ్స్‌లో కాపురం. రోజూ కొమ్యూటర్ రైల్లో పోర్ట్ క్లాంగ్ వచ్చేది. నాతో మొదట ఇంగ్లీషులోనే మాట్లాడింది. నేనే అడిగాను.

"ఏటమ్మా, నువ్వు తెలుగోలి పిల్లవేనా?"

ఆ అమ్మాయి వెంటనే తెలుగులోకి దిగింది. "మేడమ్, మీ మాట వింటుంటే బొబ్బిలిలో మా అత్తగారింటికి వెళ్ళినట్టుంది. మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారండీ?"

"నాను రాలేదమ్మా, మా తాతలొచ్చినారు. ఎస్టేట్ల పనికి. నాను బంటింగ్‌లోనే పుట్టినాను. మేడమ్ ఏటి, పిన్నీ అను లా."

అప్పటి నుంచి లిమ్ గారి ముందు మేడమ్, మిగతా అన్ని వేళలా పిన్నీ.

నమూనాలు వచ్చాయి. అన్నీ ఒకే తోటవి, దక్షిణ జపాన్‌లో ఒక కుటుంబం పండించేవి. కొన్ని సెంచా, అంటే ఎండలో పెరిగిన ఆకు. కొన్ని గ్యోకురో, అంటే కోతకు ముందు మూడు వారాలపాటు గుడ్డ పందిళ్ళ కింద నీడలో పెంచిన లేత ఆకు. గ్యోకురో ఆ తోట గర్వం. ఆకు ముదురు పచ్చగా, సూదుల్లా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది. మేము మాకు అలవాటైన పద్ధతిలోనే పరీక్షించాం. మరిగే నీళ్ళు, ఐదు నిమిషాలు. నా నాలుకకు చేదు, ఒగరు తప్ప మరేమీ తగల్లేదు. మాధవి మూత తీసి పీల్చి, మొహమాటంగా, పాలకూర ఉడికించిన నీళ్ళలా ఉందంది. లిమ్ గారు ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, "ఇది ఊబత్ లా" అన్నారు. మలయ్‌లో ఊబత్ అంటే మందు. మెచ్చుకున్నట్టు కాదు.

తరువాతి వారం తోట తరఫున మోరి గారు వచ్చారు. ఇంచుమించు నా వయసావిడ. పెద్దన్న పండిస్తే ఈవిడ అమ్మకాలు చూస్తారు. కొద్దిపాటి ఇంగ్లీషుతో నెమ్మదిగా మాట్లాడతారు. మేము చేసిన పద్ధతి చెబితే ఆవిడ నొచ్చుకుంటారని భయపడ్డాం. ఆవిడ తల ఊపి, మా దగ్గర కూడా పరీక్షకు మరిగే నీళ్ళే పోస్తాం, ఆకులో ఏ లోపమున్నా దాక్కోలేదు అన్నారు. ఇప్పుడు తాగడానికి చేద్దామని సంచిలోంచి అరచేతిలో పట్టేంత చిన్న కూజా తీశారు.

మరిగిన నీళ్ళను ముందు ఒక ఖాళీ గిన్నెలో పోశారు. అందులోంచి మరో గిన్నెలోకి, అక్కడి నుంచి కప్పుల్లోకి మార్చారు. మార్చిన ప్రతిసారీ నీళ్ళు కొంత చల్లారతాయి. చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వెచ్చన అయ్యాక, ఆకు మునిగేంత మాత్రం పోసి, రెండు నిమిషాలు కదలకుండా కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరికీ రెండు మూడు చెంచాల టీ వచ్చింది. లిమ్ గారు తన కప్పు వంచి, ఇంతేనా అన్నట్టు చూశారు.

నేను నోట్లో పోసుకున్నాను. అలవాటు ప్రకారం చప్పుడు చేస్తూ పీల్చాను. ఉమ్మడం మర్చిపోయాను.

ఏడాదిగా నాకు తిండి అంటే వేడి, చల్లన, మెత్తన, గట్టిదనం మాత్రమే. ఉప్పు, పులుపు తెలిసేవి కానీ వాటి వెనక ఏమీ ఉండేది కాదు. ఈ టీ అలా కాదు. చిక్కగా నాలుక మీద పరుచుకుంది. ముందు తీపి, ఆ కింద ఎసరు లాంటి నిండుతనం. మింగిన తర్వాత కూడా నాలుక పక్కల నిలిచే ఉంది. ముక్కు సాయం లేకుండా, నాలుక ఒక్కటే నోరంతా నింపింది. నాకు తెలియకుండానే మాధవితో తెలుగులో అనేశాను.

"ఇకాన్ బిలిస్ ఏసి సారు కాసినట్టు ఉందమ్మా."

ఇకాన్ బిలిస్ అంటే ఎండు చిన్న చేపలు. ఇక్కడ ప్రతి వంటింట్లోనూ వాటిని మరిగించిన ఎసరు ఉంటుంది. మాధవి ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి ఇబ్బంది పడింది. అతిథి తెచ్చిన టీని చేపల పులుసుతో పోలుస్తామా? కానీ మోరి గారికి అర్థమయ్యేసరికి ముఖం వికసించింది. తమ దేశంలో చేపల ఎసరు రుచికీ మంచి గ్యోకురో రుచికీ ఒకే పేరు, ఉమామి, అని చెప్పారు. నీడలో పెరిగిన ఆకులో థియనిన్ అనే పదార్థం నిలిచి ఉంటుంది. ఆ రుచి దానిది. ఎండ తగిలితే అది ఒగరుగా మారిపోతుంది. మరిగే నీళ్ళు ఒగరును ముందు లాగుతాయి, వెచ్చని నీళ్ళు ఈ రుచిని ముందు లాగుతాయి. ముప్పై ఏళ్ళుగా టీ తాగి ఉమ్మిన నాకు ఇది పుస్తకాల్లో తెలుసు. నోటికి తెలియడం అదే మొదలు.

మూడోసారి నీళ్ళు పోసి తాగాక మోరి గారు కూజాలో మిగిలిన ఆకును పారేయలేదు. పళ్ళెంలో పెట్టి, రెండు చుక్కలు సోయా రసం వేసి, మాకు తినమని ఇచ్చారు. లేత ఆకు కాబట్టి కూరలా మెత్తగా ఉంది. మిగిలినది నేను డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. సింహాద్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆవాలు, ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టి, పచ్చికొబ్బరి తురిమి వేశాడు. ఆయన చేతి మీదుగా ఆ ఏడాది వచ్చిన మొదటి మంచి కూర అదే. మర్నాడు మోరి గారికి అన్నంతో పెడితే, ఆవిడ ముద్ద ముద్దకూ ఆగి ఏదో ఆలోచించి, చివరికి మా ఆయన పేరు అడిగి రాసుకున్నారు. ఆ సంగతి చెబితే సింహాద్రి రెండు రోజులు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

అలా నాకు ఒక పని దొరికింది. గ్యోకురో విలువలో సగం నాలుకతో తేలుతుంది, నా నాలుక బాగానే ఉంది. మిగతా సగం మాధవి చూస్తుంది. మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆమె ముందు పొడి ఆకు, తర్వాత వెచ్చని కూజాలో ఆకు, ఆఖరున తడి ఆకు వాసన చూసి నాకు చెప్పకుండా రాసుకుంటుంది. నేను రుచి చూసి ఆమెకు చెప్పకుండా రాస్తాను. తర్వాత రెండూ పక్కపక్కన పెడతాం. చిక్కల్లా మాటలతోనే. మా వృత్తిలో ఇంగ్లీషు పదాలన్నీ నల్ల టీ కోసం పుట్టినవి. మాధవికి అవీ తెలియవు. అందుకని తెలుగులోనే చెప్పమన్నాను. వేయించిన పెసరపప్పు, కొత్త చాప, వాన పడ్డ పచ్చిక, కాకినాడ ఒడ్డున ఎండిన నాచు అని చెబుతుంటే, నేను వాటిని గుర్తు తెచ్చుకుని మా తరగతుల్లోకి మార్చేదాన్ని. కొన్నిసార్లు మా ఇద్దరి తెలుగూ కలిసేది కాదు. ఒకసారి ఆమె "కమ్మగా ఉంది పిన్నీ" అంది. "కమ్మగా అంటే ఏటి, నెయ్యి కమ్మదనమా, పాల కమ్మదనమా?" అని నేను అడిగితే, ఇద్దరం ఆ ఒక్క మాట మీద మధ్యాహ్నమంతా గడిపాం. నేను ఉద్యోగంలో అంతగా నవ్వుకున్న రోజులు ఎక్కువ లేవు.

నమూనాలన్నీ చూశాక నా నాలుక ఒక గ్యోకురోను ఎంచుకుంది. చిక్కదనం, తీపి, నిలకడ, మూడూ దానిలోనే సమంగా ఉన్నాయి. అన్నిటికంటే మేలైనదని రాశాను. పక్కన మాధవి కాగితం పెడితే, దానికి ఆమె అన్నిటికంటే తక్కువ ఇచ్చింది.

"ఇందులో ఏదో తప్పు వాసన ఉంది పిన్నీ. తడిసి ఆరిన అట్టపెట్టె లాగ."

"నాకు నాలిక మీద ఏటీ తెల్లేదే. మళ్ళీ సూడు."

"చూశాను. మూడుసార్లు చూశాను. ఉంది."

ఆమె చేరి కొద్ది నెలలే అయింది. నేను ముప్పై ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను. లిమ్ గారు మర్నాడే నిర్ణయం అడుగుతున్నారు. నా హోదాతో ఆమె మాట పక్కన పెట్టవచ్చు, పెడితే ఎవరూ అడగరు. కానీ వాసన విషయంలో నా దగ్గర పెట్టడానికి మాట ఏదీ లేదు. తప్పు వాసన ఆకులో ఉందా, మా గదిలో ఉందా అన్నది ముందు తేల్చాలనుకున్నాం.

అక్కడే వచ్చింది ఇబ్బంది. టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా పీల్చుకుంటుంది. మా భవనంలో గోడలకు కూడా నల్ల టీ వాసన పట్టి ఉంది. పక్క గిడ్డంగిలో మసాలా దినుసులు. బయట లారీల పొగ, సముద్రపు గాలి. బ్రిక్‌ఫీల్డ్స్‌లో మాధవి ఇంట్లో చూద్దామంటే కింద పూల దుకాణం, దాని పక్కన సాంబ్రాణి. బంటింగ్‌లో మా ఇంటి వెనక పక్కింటివాళ్ళ దురియన్ చెట్టు, అప్పుడే కాయలు రాలే కాలం. వాసన లేని గది కోసం ఇద్దరం వెతుకుతూ తిరిగాం. కాఫీ యంత్రం పెట్టారని సమావేశ గది పనికిరాలేదు. కొత్తగా రంగు వేశారని లిమ్ గారి గదీ పనికిరాలేదు. చివరికి మాధవి భర్త ఫోనులో, మీ ఆఫీసులో సర్వర్ గది ఉంటుంది కదా అన్నాడు. కంప్యూటర్లుండే గది. రోజంతా చల్లగా, పొడిగా, వడపోసిన గాలితో ఉంటుంది. అక్కడ ఎవరూ ఏమీ తినరు.

ఆ గది బాధ్యుడు మా చేతిలో కెటిల్ చూసి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. నీళ్ళు లోపలికి వెళ్ళడానికి వీల్లేదన్నాడు. న్యాయమే. అదే గాలి వచ్చే ముందు గదిలో, విడిభాగాలు పెట్టే బల్ల ఒకటి ఖాళీ చేసి ఇచ్చాడు. యంత్రాల హోరులో ఒకరికొకరం గట్టిగా చెప్పుకుంటూ పరీక్ష మళ్ళీ చేశాం. అక్కడ కూడా మాధవి అదే మాట అంది, ఇంకా స్పష్టంగా. అట్టపెట్టె వాసన, ఆకులోనే.

లిమ్ గారికి మా ఇద్దరి అభిప్రాయాలూ విడివిడిగానే ఇచ్చాను. వాసన గురించి నేను సాక్ష్యం చెప్పలేను, ఆమె చెప్పగలదు, కాబట్టి ఈ సరుకుకు ఇప్పుడు సంతకం పెట్టలేనని చెప్పాను. మోరి గారికి రాశాం. ఆవిడ వెంటనే ఆ పొట్లాన్ని లైటు ముందు పట్టి చూడమన్నారు. మడత దగ్గర సూది మొనంత చిల్లు కనిపించింది. దారిలో క్లాంగ్ గాలి తేమ, అట్టపెట్టె వాసన ఆ చిల్లులోంచి లోపలికి పోయాయి. అదే ఆకు కొత్త పొట్లంలో వచ్చాక మాధవి మూత తీసి చూసి, కళ్ళు పెద్దవి చేసింది. "పిన్నీ, ఇదేనండీ మీరు చెప్పింది" అంది. ఆకు గురించి నా నాలుక చెప్పిందీ నిజమే, పొట్లం గురించి ఆమె ముక్కు చెప్పిందీ నిజమే. అదే పలుచటి పొట్లాల్లో సరుకంతా తెప్పించి ఉంటే రేవులోనే పాడయ్యేది. ఆ తర్వాత రెండు పొరల పొట్లాలు, పైన రేకు డబ్బాలతో తెప్పించాలని రాసుకున్నాం. చల్లని గిడ్డంగి నుంచి తీసిన డబ్బాను గది వేడికి వచ్చేదాకా తెరవకూడదన్న నియమం కూడా అప్పుడే పెట్టాం. లేకపోతే చల్లని ఆకు మీద తేమ కూర్చుంటుంది.

సరుకు వచ్చిన కొద్ది వారాలకు ఒక ఉదయం రైలు ఆలస్యమై మాధవి ఇంకా రాలేదు. అప్పటికి మా పరీక్షలకు అలవాటైపోయిన సర్వర్ల ముందు గదిలో నేను కూజా వేడి చేసి, నీళ్ళు పారబోసి, ఆకు వేసి, మూత పెట్టాను. మామూలుగా ఆ తర్వాత కూజా ఆమెకు అందించేదాన్ని. ఆ రోజు నేనే మూత తీసి వంగాను.

ఏదో ఉంది.

అది టీ వాసన అని చెప్పలేను. బాగా దూరంలో ఎవరో ఏదో వేయిస్తున్నట్టు ఉంది. మూత పెట్టి, కాసేపు ఆగి, మళ్ళీ తీశాను. మళ్ళీ ఉంది. నేను నమ్మలేదు. ఆకు కళ్ళ ముందు ఉంటే బుర్ర వాసనను ఊహించుకోగలదని టేస్టర్లందరికీ తెలుసు. మాధవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. వచ్చాక సంగతి చెప్పి, నేను గోడ వైపు తిరిగాను. ఆమె మూడు కూజాలు వేడి చేసి, ఒకదానిలో ఆకు వేసి, నా కళ్ళకు రుమాలు కట్టి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది. నేను రెండోది అన్నాను. మార్చి మళ్ళీ పెట్టింది. మొదటిది అన్నాను. మూడోసారి ఎంతసేపు పీల్చినా ఏమీ తెలియలేదు.

"ఏటీ రాలేదమ్మా. దేన్లోనూ లేదు."

రుమాలు తీసి చూస్తే మాధవి నేల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. "దేంట్లోనూ వెయ్యలేదు పిన్నీ. మీరు ఊహించుకుంటున్నారేమోనని" అంది.

ఇద్దరం ఆ యంత్రాల హోరులో పెద్దగా నవ్వుకున్నాం. సర్వర్ గదిలోంచి ఆ బాధ్యుడు కంగారుగా తొంగి చూశాడు, నీళ్ళు ఒలికాయేమోనని. సింహాద్రికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "అయితే ఒంట మళ్ళీ నువ్వే సేస్తావేటి?" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

వాసన ఒక్కసారిగా రాలేదు. కొన్ని తిరగబడి వచ్చాయి. కొన్నాళ్ళు కాఫీ నాకు కాలిన రబ్బరులా ఉండేది. అందుకని కొనుగోలుదారులకు టీ చూపించే రోజు దాకా వాసన మీద మాధవి మాటే చివరి మాటగా ఉంచాం. డాక్టరు సంతోషించి, రోజూ శ్రద్ధగా వాసన చూసే పని సాయపడి ఉండవచ్చు, కాలం గడవడం వల్లే వచ్చి ఉండవచ్చు, ఇదే కారణమని చెప్పలేం అన్నారు.

లిమ్ గారు మాత్రం చెప్పగలనన్నారు. మనిషి ఆనందంతో నా గదికి వచ్చి, ఇంతకన్నా మంచి ప్రకటన ఉండదు, ముక్కు పోయిన చీఫ్ టేస్టర్‌కు గ్యోకురో ముక్కు తెచ్చింది, డబ్బా మీద వేద్దాం, దానితోపాటు కొవ్వు కరిగిస్తుంది, షుగర్ తగ్గిస్తుంది అని కూడా వేద్దాం అన్నారు. ఆయన నా మేలు కోరిన మనిషి. నన్ను ఆ ఏడాది ఉద్యోగంలో నిలబెట్టింది ఆయనే. అయినా కాదన్నాను. ఆధారం లేని ఆరోగ్య ప్రకటన డబ్బా మీద వేయకూడదన్నది నియమం. నియమం లేకపోయినా, నాలాగే వాసన పోయి ఇంట్లో కూర్చున్న మనిషి ఎవరైనా ఆ డబ్బా చూసి ఆశతో కొంటే నేను వాళ్ళ ముఖం చూడలేను. నేను చెప్పగలిగినవి చెప్పాను. ఇది తాగితే మెలకువ వస్తుంది, కానీ గుండె దడ లేకుండా మనసు నిలకడగా ఉంటుంది. అది నేనూ మాధవీ రోజూ గమనించినదే, థియనిన్ వల్ల అంటారు. కెఫీన్ ఎక్కువే కాబట్టి సాయంత్రం వద్దు. పంచదార, డబ్బా పాలు లేకుండా రుచిగా తాగగలిగిన టీ ఇది. తియ్యటి టీకి అలవాటు పడ్డ మన దేశంలో అది చిన్న మేలు కాదు. లిమ్ గారు తల గోక్కుని, "ఇంత నిజం అమ్ముడుపోతుందా లా?" అన్నారు. కానీ డబ్బా మీద నేను చెప్పిందే వేశారు.

కొనుగోలుదారుల సమావేశం కౌలాలంపూర్ పెద్ద రైల్వే స్టేషన్ కె.ఎల్. సెంట్రల్ దగ్గర ఒక హోటల్ గదిలో జరిగింది. మోరి గారు మళ్ళీ వచ్చారు. వెచ్చని నీళ్ళతో గ్యోకురో, ఆ తర్వాత కాస్త వేడి నీళ్ళతో సెంచా, చివర ఆకు మీద మంచు ముక్కలు పెట్టి కరిగిన బొట్లను చల్లగా ఇచ్చాం. ఇక్కడి ఎండకు ఆ చల్లని బొట్లే అందరికీ ఎక్కువ నచ్చాయి. సింహాద్రి తాలింపు పెట్టిన ఆకు కూర కూడా చిన్న గిన్నెల్లో పెట్టాం. అది మొదటి వరుస దాటి వెనక్కి వెళ్ళకుండానే అయిపోయింది.

క్లాంగ్‌లో టీ దుకాణాలున్న ఒక పెద్దాయన అంతా తాగి, తిని, చెయ్యి ఎత్తారు. అన్నీ బాగున్నాయి, ఇంతకీ ఇది ఏ జబ్బు నయం చేస్తుంది, మా దగ్గరికొచ్చేవాళ్ళు మొదట అడిగేది అదే అన్నారు. గదిలో అందరూ నా వైపు తిరిగారు. లిమ్ గారు కూడా. ఆయన ఒక్క మాట చెప్పమని నా వైపు చూస్తున్నారని నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా, ఎందుకంటే నాకు జరిగింది నిజమే.

"దాహం తీరుస్తుందండీ" అన్నాను.

మాధవి ఆ ప్రశ్నా జవాబూ మోరి గారి చెవిలో నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ గంభీరంగా తల అడ్డంగా ఊపి, తన నెమ్మది ఇంగ్లీషులో, క్షమించాలి, సెంచా అయితే తీరుస్తుంది, గ్యోకురో అది కూడా చేయదు, చాలా కొంచెమే వస్తుంది కదా అన్నారు. తర్వాత గదంతా నవ్వు. అడిగిన పెద్దాయన అందరికంటే ఎక్కువ నవ్వారు. వెళ్ళేటప్పుడు అందరికంటే ముందు సరుకు కావాలని చెప్పింది ఆయనే. జబ్బుల గురించి అబద్ధం చెప్పనివాళ్ళు ఆకు గురించీ చెప్పరు లా అని లిమ్ గారితో అన్నారట.

విభాగం నిలిచింది. నేను మామూలు గడువుకే రిటైరయ్యాను. ఇప్పుడు ఆ బల్ల మీద సంతకం మాధవిది. ఇద్దరు విడివిడిగా చూసి రాసిన తర్వాతే ఏ సరుకునైనా ఒప్పుకోవాలన్న పద్ధతి నల్ల టీ గదికి కూడా పాకింది.

ముక్కు బాగున్న రోజుల్లో నేను ప్రతి కప్పు గురించీ ఏదో ఒకటి తేల్చి చెప్పేదాన్ని. టేస్టర్ అంటే అలాగే ఉండాలని అనుకునేదాన్ని. ఆ ఏడాది పని తర్వాత నాకు తెలిసింది వేరు. తనకు తెలిసింది చెప్పడం టేస్టర్ పనిలో సగం. తనకు తెలియనిది ఏదో సరిగ్గా గుర్తించి, అది తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం మిగతా సగం.